గుడ్డ మీద మిగలాల్సిన దుమ్ము

ఉద్యోగంలో నేను ఒళ్లు దాచుకోకుండా చేసిన మొదటి పనికే తిట్లు తిన్నాను. 1996 వేసవి. నల్లగొండలో ఐటీఐ ఫిట్టర్ ముగించి, హుజూర్‌నగర్ పక్కన ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద హెల్పర్‌గా చేరాను. ప్యాకింగ్ ప్లాంటుకు రెండు రోజుల షట్‌డౌన్ ఇచ్చారు. దుమ్ముగాలిని వడగట్టే బ్యాగ్ ఫిల్టర్‌లోంచి బ్యాగులన్నీ తీసి కింద పరిచి, "దులిపి పెట్టురా" అని చెప్పి మేస్త్రి మిల్లు వైపు వెళ్లిపోయాడు. వరసకు పదహారు చొప్పున పదహారు వరసలు, 256 బ్యాగులు. ఒక్కొక్కటీ నిలువెత్తు మనిషిని దాటి పొడుగు. కొత్త ఉత్సాహం కదా, దండెం కట్టి, కర్రతో బాది, ఎయిర్ హోస్ పెట్టి లోపలా బయటా ఊది, షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు చేశాను. ఒకటిన్నర రోజు పట్టింది.

రెండో రోజు సాయంత్రం ఫ్యాన్ ఎక్కించారు. పది నిమిషాలకల్లా పైన స్టాక్‌లోంచి, అంటే గాలి బయటికి పోయే గొట్టంలోంచి, బూడిద రంగు తోక లేచింది. గాలి ఆఫీసు వైపు ఉంది. టైమ్ ఆఫీసు ముందున్న స్కూటర్ల సీట్ల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత సిమెంటు పడింది. మేస్త్రి పరుగున వచ్చి బ్యాగులు విప్పి చూశాడు. ఎక్కడా చిరగలేదు. నా వైపు తిరిగాడు.

"ఏందిరా, బ్యాగులను పెండ్లికొడుకులను చేసినవా?"

"దులపమన్నరు గదా మేస్త్రీ."

"దులపమన్న. కడిగి ముగ్గేయమన్ననా?"

మర్నాడు పొద్దున వెళ్లేసరికి స్టాక్ శుభ్రంగా ఉంది. రాత్రి ఎవరూ ఏ బోల్టూ ముట్టలేదు. దానంతట అదే ఆగింది. ఎలా ఆగిందో అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది.

అర్థమైంది కూడా ఫ్యాక్టరీలో కాదు, ఇంట్లో. పండక్కి అమ్మ పసుపు దంచి వస్త్రకాయితం పడుతోంది. గిన్నె మూతికి పాత చీర ముక్క బిగించి, పైన పొడి పోసి, చేత్తో రాస్తోంది. మొదట్లో కొంచెం ముతకగా దిగింది. కాసేపటికి గుడ్డ సందుల్లో పసుపు చేరి, దిగేది మంచి పౌడర్‌లా మారింది. ఇంకాసేపటికి దిగడమే మానేసింది. అప్పుడు అమ్మ గుడ్డను కింది నుంచి వేళ్లతో ఒక్కటి తట్టింది. మళ్లీ దారి వచ్చింది. గుడ్డను విప్పి ఉతికి మళ్లీ కట్టలేదు, చూడండి. ఒక్క తట్టు, అంతే. మా బ్యాగ్ ఫిల్టర్ మొత్తం ఆ గిన్నె మూతి మీదే ఉంది.

బ్యాగు గుడ్డ నేసింది కాదు. పాలిస్టర్ పోగులను సూదులతో గుచ్చి గుచ్చి కంబళిలా ఒత్తిన ఫెల్ట్. దాని సందులు సిమెంటు రేణువు కంటే పెద్దవే. మన వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్లు అనుకుంటే, సిమెంటులో సగానికి సగం ఇరవై మైక్రాన్ల లోపు ఉంటుంది. జల్లెడ లెక్కన చూస్తే ఆ గుడ్డలోంచి దుమ్ము హాయిగా వెళ్లిపోవాలి. కొత్త బ్యాగులు వేసిన రోజున కొంత వెళ్తుంది కూడా. అయితే కొన్ని రేణువులు పోగులకు గుద్దుకుని ఆగిపోతాయి, వాటికి ఇంకొన్ని తగులుకుంటాయి, కొన్ని గంటల్లో గుడ్డ మీద పలచగా ఒక పొర కడుతుంది. కేక్ అంటాం. అక్కణ్నుంచి దుమ్మును పట్టేది ఆ కేకే, గుడ్డ దాన్ని మోస్తుందంతే. నేను కర్రతో బాది పారేసింది ఆ పొరనే. ఇప్పుడు పెద్ద ఫిల్టర్‌కు కొత్త బ్యాగులు వేశామంటే, ప్లాంటు ఎక్కించే ముందు సున్నపురాయి పొడి వదిలి ముందే పొర కట్టిస్తాం. ఇంత ఖరీదు పెట్టి కొన్న కొత్త గుడ్డకు దుమ్ము పూయడమేంటని అకౌంట్స్ ఆయన ఒకసారి అడిగాడు. వస్త్రకాయితం సంగతి చెప్పాను. ఆయనకు అది తెలుసు గానీ, బిల్లు మీద సంతకం మాత్రం అయిష్టంగానే పెట్టాడు.

ఫిల్టర్ డబ్బా లోపల ఏముంటుందో కూడా చెప్పాలి. కింద గరాటులా హాపర్. దుమ్ముగాలి దాని పై భాగంలోంచి లోపలికి వస్తుంది. ఎదురుగా ఒక అడ్డు రేకు ఉంటుంది, బరువు దుమ్ము దానికి కొట్టుకుని అక్కడే రాలిపోతుంది. పైన ట్యూబ్ షీట్, అంటే బెజ్జాలు పెట్టిన ఉక్కు రేకు. ఒక్కో బెజ్జం నుంచి ఒక్కో బ్యాగు వేలాడుతుంది, లోపల తీగ పంజరం, దాన్ని కేజ్ అంటాం. గాలి బయటి నుంచి బ్యాగు లోపలికి పోతుంది కాబట్టి దుమ్మంతా బయటి ముఖానే ఆగుతుంది, కేజ్ లేకపోతే గుడ్డ ముడుచుకుపోతుంది. శుభ్రమైన గాలి ట్యూబ్ షీట్ పైనున్న గదిలోకి చేరి, ఫ్యాన్ మీదుగా స్టాక్‌కు వెళ్తుంది. బ్యాగు పొడవు మూడు మీటర్లు, వ్యాసం 150 మిల్లీమీటర్లు అయితే ఒక్కోదాని గుడ్డ 1.4 చదరపు మీటర్లు. 256 కలిపితే 360 చదరపు మీటర్ల చిల్లర. మా లెక్కలో 430 గజాల ప్లాటంత గుడ్డను ఒక చిన్న గదిలో మడిచి పెట్టినట్టు. ఎందుకంత? డక్టులో గాలి సెకనుకు 18 మీటర్లకు తగ్గకూడదు, తగ్గితే దుమ్ము దారిలోనే పడుకుంటుంది. అంటే గంటకు 65 కిలోమీటర్లు, ఎర్రబస్సు వేగం. అదే గాలి గుడ్డను దాటేటప్పుడు నిమిషానికి ఒక మీటరు నడవాలి, చీమ నడక. బస్సు వేగంతో గుడ్డను గుద్దితే దుమ్ము పోగుల్లోకి దిగబడిపోతుంది, ఇక ఎంత తట్టినా రాదు.

మరి అమ్మ వేళ్ల తట్టు ఇక్కడ ఎవరు కొడతారు? ప్రతి వరస బ్యాగుల నెత్తిన ఒక పైపు, దానికి ఒక్కో బ్యాగు మూతికి ఎదురుగా ఒక బెజ్జం. పక్కన ఐదారు కేజీల ప్రెషర్‌తో గాలి ట్యాంకు. టైమర్ చెప్పగానే సోలినాయిడ్ వాల్వు తెరుచుకుంటుంది, డయాఫ్రమ్ లేస్తుంది, సెకనులో పదోవంతు సేపు గాలి బ్యాగులోకి దూకుతుంది. మేం పర్జింగ్ అంటాం. ఆ గాలి గుడ్డలోంచి ఊది దుమ్మును తోసేస్తుందని నేనూ చాలాకాలం అనుకున్నా. అసలు పని అది కాదు. కేజ్‌కు అతుక్కుపోయి ఉన్న గుడ్డ ఒక్కసారిగా ఉబ్బి, బిగిసి, ఠక్కున ఆగుతుంది. గుడ్డ ఆగింది గానీ దాని మీది కేక్ ఆగదు. దుప్పటి దులిపినప్పుడు జరిగేది అదే. పర్జింగ్ ఎక్కువసేపు ఇస్తే దులపడం బాగుంటుందనుకుని టైమర్ పెంచేవాళ్లున్నారు. కంప్రెసర్ బిల్లు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. మాటిమాటికీ కొట్టించినా నష్టమే. ఉండాల్సిన పొర కూడా రాలిపోతుంది, గుడ్డ కేజ్ తీగలకు కొట్టుకుని అరుగుతుంది.

ఎంత దులపాలో చెప్పేది డీపీ. గుడ్డకు అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా. ఇప్పుడు డిజిటల్ మీటర్లు వచ్చాయి గానీ, నాకు ఇప్పటికీ ఇష్టమైంది రంగు నీళ్లు పోసిన యూ గొట్టం. ప్యాకింగ్ ఫిల్టర్ మీద నీళ్ల తేడా 100, 120 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే నేను టీకి పోతాను. 180 దాటితే బ్యాగులు మూసుకుపోతున్నాయని అర్థం. 40కి పడితే? కొత్త ఇంజనీర్లు సంతోషిస్తారు, "డీపీ బాగుంది కదన్నా" అంటారు. నాకు గుండె దడ. ఎక్కడో బ్యాగు చిరిగింది, లేదంటే కేజ్ కిందికి జారిపోయింది, లేదంటే ఫ్యాన్ డ్యాంపర్ ఎవరో మూసేశారు. బీపీ తక్కువున్న మనిషిని చూసి ఆరోగ్యం బాగుందంటామా?

మీటరు కంటే ముందు చెవి పట్టేస్తుంది. ఫిల్టర్ పక్కన నిలబడితే ఠప్ అని ఒకటి, పది సెకన్లాగి ఇంకొకటి. కొట్టుడు ఒక వరస నుంచి పక్క వరసకు పోదు, ఎడం ఇచ్చి పోతుంది. ఇక్కడ రాలిన దుమ్మును పక్కనే అప్పుడే ఖాళీ అయిన బ్యాగు లాక్కోకుండా అదొక ఉపాయం. మధ్యలో ఒక ఠప్ రాకుండా ఇరవై సెకన్లు మౌనం పడితే ఆ వరస సోలినాయిడ్ పోయింది. ఠప్ బదులు ఆగకుండా స్‌స్‌స్ అని పాము బుస కొడితే డయాఫ్రమ్ చిరిగింది, ట్యాంకు గాలంతా అటే కారిపోతోంది, మిగతా పదిహేను వరసలకూ దెబ్బలో బలం ఉండదు. మా మేస్త్రికి చివరి రోజుల్లో ఒక చెవి సరిగ్గా వినపడేది కాదు. ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి ఎన్నో వరసో చెప్పేవాడు.

కొత్త ప్లాంటుకు వెళ్తే నేను ముందు చూసేది హాపర్ల రేకు. దాని నిండా సుత్తి గుంటలుంటే ఆ ప్లాంటు కథ తెలిసిపోయినట్టే. హాపర్ ఖాళీ కావడం లేదు, ప్రతి షిఫ్టులో ఒకడు కొడుతున్నాడు. దుమ్మును కిందికి దింపే రోటరీ ఎయిర్ లాక్ రెక్కలు అరిగితే, లోపల వాక్యూమ్ ఉంటుంది కాబట్టి కింది నుంచి గాలి ఎగజిమ్ముతుంది. దిగాల్సిన దుమ్ము ఎసట్లో బియ్యంలా అక్కడక్కడే ఉడుకుతుంది. కొన్నాళ్లకు హాపర్ నిండి బ్యాగుల కాళ్లదాకా వస్తుంది. కాళ్ల దగ్గరే అన్నీ చిరిగి ఉంటే గుడ్డ సప్లయర్‌ను తిడతారు. గుడ్డ తప్పు కాదు, కింద వెయ్యి రూపాయల సీలు మార్చలేదు.

వానాకాలం వేరే బాధ. సిమెంటుకు తడి తగిలితే ఏమవుతుందో చిన్న పిల్లాడికీ తెలుసు. అది బ్యాగు మీదే జరుగుతుంది. కంప్రెసర్ గాలిలో నీళ్లుంటాయి, షిఫ్టు షిఫ్టుకూ ట్యాంకు డ్రెయిన్ తిప్పి వదలాలి. ఒక జులైలో వరసగా మూడు షిఫ్టులు ఎవరూ తిప్పలేదు, అందులో ఒకటి నాది. నాలుగు వరసల బ్యాగులు విరిగిన కాలికి వేసే పట్టీల్లా గట్టిపడ్డాయి. కేజ్‌తో సహా కోసి తీశాం. ఆ రోజు నేను వేరేవాళ్ల మీద అరవలేదు, అరిచే మొహం లేదు.

ఇక బయటి సంగతి. ఫిల్టర్ ఎంత మంచిదైనా దుమ్ము దాని దాకా రావాలి కదా. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పొచ్చు, పీల్చి ఆర్పమనండి చూద్దాం. ఊదిన గాలి బాణంలా పోతుంది, పీల్చే గాలి అన్ని దిక్కుల నుంచీ వస్తుంది. పైపు మూతి వెడల్పంత దూరం పోయేసరికి దాని వేగం పదో వంతుకు పడిపోతుంది. అడుగు వెడల్పు పైపును దుమ్ము లేచే చోటికి మూడడుగుల పైన వేలాడదీసి, "సక్షన్ పెట్టాం కదా" అనేవాళ్లను ఈ దీపం పరీక్ష చేయమంటాను. 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ చెప్పింది కూడా ఇదే, దుమ్ము పుట్టే చోటుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా లాగమని. రాసినవాళ్లకు దీపం సంగతి తెలిసే ఉంటుంది.

మాకున్న ఇంకో రోగం, ఉన్న డక్టుకు కొత్త కొమ్మలు తగిలించడం. ఒక సెక్షన్ హెడ్ తన బెల్ట్ దగ్గర దుమ్ముందని ఒక పైపు, ఇంకొకాయన తన బిన్ దగ్గర ఒకటి. ఫ్యాన్ అదే. ఆరు చోట్లకు లెక్క కట్టిన గాలిని పదకొండు చోట్లకు పంచితే ఎక్కడా చాలదు, డక్టులో వేగం పడిపోయి సిమెంటు మేట వేస్తుంది. ఒకచోట డక్టు బరువుకు సపోర్టుతో సహా వంగింది. కోసి చూస్తే ముప్పాతిక వంతు రాయి.

కిల్న్ బట్టీ వైపు కథ పెద్దది. నేను చేరేనాటికి అక్కడ బ్యాగులు కాదు, ఈఎస్‌పీ ఉండేది. వేల వోల్టుల కరెంటుతో దుమ్ముకు చార్జ్ ఎక్కించి ఇనుప పలకలకు అతికించే యంత్రం. దీన్ని పనిలో పెట్టిన కాట్రెల్ అమెరికాలో కెమిస్ట్రీ ప్రొఫెసరు, పేటెంటు 1908లో వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే కాలిఫోర్నియాలో రివర్‌సైడ్ దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీకి దాన్ని పెట్టాల్సి వచ్చింది, చుట్టుపక్కల నారింజ తోటల మీద దుమ్ము పడుతోందని రైతులు కోర్టుకెక్కడంతో. ఆ సంగతి మొదటిసారి ఒక ట్రైనింగులో విన్నప్పుడు నవ్వొచ్చింది. అక్కడ నారింజ, మా దగ్గర మిరప, పత్తి. మిగతాదంతా ఒకటే.

ఈఎస్‌పీకి ఒక గుణం ఉంది. కిల్న్‌లో బొగ్గు సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే, లోపలి నిప్పురవ్వకు పేలకుండా దానంతటదే ట్రిప్ అవుతుంది. అది ట్రిప్ అయినంతసేపు దుమ్ము నేరుగా చిమ్నీకే. సరిగ్గా తెల్లవారుజామున అయ్యేది, పొలాలకు వెళ్లేవాళ్లు చూసేవారు. ఇప్పుడు పరిమితి ఘనపు మీటరుకు 30 మిల్లీగ్రాములు, లెక్క మీటరు నుంచి నేరుగా కాలుష్య నియంత్రణ మండలికి పోతుంది. అందుకే చాలాచోట్ల ఈఎస్‌పీ డబ్బాలు ఊడదీసి గ్లాస్ ఫైబర్ బ్యాగులు వేశారు. పాలిస్టర్ 130 డిగ్రీలు దాటితే పాడైపోతుంది, గ్లాస్ 260 దాకా ఆగుతుంది. ఆగుతుంది గానీ మడత పెడితే లోపల విరుగుతుంది, పైకి కనపడదు. వాటిని ఎత్తుకున్న రోజు రాత్రంతా చేతులు దురద.

ఇన్ని మీటర్లూ ఇంత లెక్కా చిమ్నీకే. లారీ మీద బస్తాలు పేర్చే హమాలీ ముక్కు దగ్గర ఏ మీటరూ లేదు. ఇది నాకు లోపల ఉన్న కోపం, రాస్తున్నాను. కంటికి కనపడే దుమ్ము ముక్కులోనూ గొంతులోనూ ఆగుతుంది, ఊస్తే పోతుంది. పది మైక్రాన్ల కంటే సన్నంది కంటికి ఆనదు, అదే లోపలికి దిగుతుంది. క్రషర్ దగ్గర రాతిలో క్వార్ట్జ్ ఉంటే మరీ చెడ్డది, అది ఊపిరితిత్తుల్లో చేసే గాయం మానదు. మా ప్యాకింగ్ ఫిల్టర్ ఫ్యాన్ మోటారు 30 కిలోవాట్లు. నైట్ షిఫ్టులో కరెంటు ఆదా పేరుతో అలాంటిదాన్ని కాసేపు ఆపడం నేను కళ్లారా చూసిన ప్లాంట్లున్నాయి. ఒక హమాలీ తువ్వాలు మూతికి బిగించి కట్టుకుంటుంటే, "ఫ్యాన్ తిరుగుతుంది గదా బాబాయ్, గాలాడనియ్యి" అన్నాను. "నీ ఫ్యాను మీద నమ్మకముందయ్యా. ఆపేటోడి మీద లేదు" అన్నాడు.

నాకు ఈ పనిలో ఎక్కువ ఇష్టమైంది లీకు పట్టే రాత్రి. వందల బ్యాగుల్లో ఒక్కటి చిరిగింది, స్టాక్‌లో సన్నగా పొగ. ఏదని వెతుకుతాం? ఫ్యాన్ నడుస్తుండగా దుమ్ము వైపు డక్టులోకి మెరిసే రంగు పొడి పోస్తాం. చిల్లు ఉన్నచోటికే గాలి తోసుకుపోతుంది కాబట్టి పొడి కూడా అటే పోతుంది. తర్వాత ఫ్యాన్ ఆపి, బ్రేకర్‌కు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని, పర్మిట్ తీసుకుని పైగదిలోకి దిగుతాం. బయట ఒక మనిషి కాపలా. లోపల వేడి, ఉడుకు సున్నం వాసన, కాలి కింద ట్యూబ్ షీట్. టార్చి ఆర్పేసి నల్లటి అల్ట్రావయొలెట్ దీపం వెలిగిస్తాం. అన్ని మూతులూ చీకటే. ఒక్క మూతి చుట్టూ మాత్రం మిణుగురులు వాలినట్టు నారింజ మెరుపు. ఎన్నిసార్లు చూసినా ఒళ్లు జలదరిస్తుంది.

మొన్నామధ్య అలాగే మూడో వరసలో ఏడో బ్యాగు దొరికింది. నాతో దిగిన కుర్ర ఇంజనీరు అప్పటికే స్టోర్స్ నుంచి కొత్త బ్యాగు తెప్పించి ఉంచాడు.

"ఇది వద్దు తమ్ముడూ. ఆ గోనెసంచిలోంచి ఒకటి తియ్యి."

"అన్నా, అవి పాతవి గదా!"

పాతవే. కిందటి మార్పిడిలో తీసినవాటిలో బాగున్నవి ఏరి, మెల్లగా దులిపి దాచుకున్నవి. చుట్టూ అన్నీ రెండేళ్ల పొర కట్టినవి. మధ్యలో ఒక్క కొత్తది వేస్తే గాలికి అదే సులువైన దారి, వరస గాలంతా దాని మీద పడుతుంది. చీమ నడక కాస్తా పరుగవుతుంది. మూడు నెలలు తిరక్కుండా అదే చిరుగుతుంది. నా దగ్గర పాతది లేకపోతే ఆ బెజ్జానికి బిరడా అయినా కొడతాను గానీ కొత్తది వేయను.

గోనెసంచి మీద పెయింటుతో "పనికొచ్చేవి" అని రాసి పెట్టాను. అయినా స్టోర్స్ వాళ్లు దాన్ని రెండుసార్లు స్క్రాప్ యార్డుకు పంపారు. రెండుసార్లూ సైకిల్ మీద వేసుకుని వెనక్కి తెచ్చుకున్నా.